ఎడమచేతి పక్కన చోటు

అత్తగారికి కళ్ళు పోతున్నాయని డాక్టరు చెప్పిన రోజున ఇంట్లో అందరూ తలో పని చేశారు. పెద్దకొడుకు ఇంకో డాక్టర్ని వెతికాడు. కూతురు ఏడ్చింది, ఏడుపు అయ్యాక ముందే ఎందుకు చెప్పలేదని తల్లిని కోప్పడింది. చిన్నకొడుకు ఇంట్లో బల్బులన్నీ పీకేసి పెద్ద బల్బులు పెట్టాడు. ఆ వెలుగుకి మిగతావాళ్ళ కళ్ళు పోయేలా ఉన్నాయి గానీ అత్తగారికి మాత్రం తేడా ఏమీ తెలియలేదు. చిన్నకోడలు ఒక్కతే ఏమీ చెయ్యలేదు. చెయ్యాల్సింది ఏమిటో ఆమెకి అప్పుడే తట్టింది, అందుకని తొందరపడలేదు.

డాక్టరు చెప్పిన జబ్బు వింతగా ఉంది. కంటికి నట్టనడుమ చూపు చెడిపోయిందట, అంచుల్లో మాత్రం కాస్త మిగిలిందట. ఎవరినైనా చూడాలంటే వాళ్ళని సూటిగా చూడకూడదు. చెవి పక్కనుంచో, భుజం మీదుగానో ఇంకెక్కడికో చూస్తే అప్పుడు ఆ మొహం పక్కనుంచి కంట్లోకి వస్తుంది. అదీ ఎన్నాళ్ళో ఉండదు. ఏడాది తిరిగేలోపు వెలుగూ చీకటీ తప్ప ఇంకేం తెలియకపోవచ్చు. అప్పట్నుంచి అత్తగారు ఎవరితో మాట్లాడినా, వాళ్ళ పక్కన ఇంకెవరో నిలబడి ఉన్నట్టు, ఆ ఇంకొకరితోనే మాట్లాడుతున్నట్టు ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళు ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసుకునేవాళ్ళు.

చిన్నకోడలు బొమ్మలు వేస్తుంది. పెద్దపెద్ద భవనాల్లో అద్దాల వెనక వేలాడదీసే బొమ్మలు కావు. రోడ్డు పక్కన మేడంత ఎత్తున నిలబెట్టే హోర్డింగు బొమ్మలు. మనిషంత ముక్కు, మనిషి హాయిగా పడుకోగలిగినంత కనుబొమ్మ. రోజంతా నిచ్చెన మీద నిలబడి, తను వేస్తున్నదేమిటో తనకే అంతుపట్టనంత దగ్గర నుంచి, కింద బస్సులో వెళ్ళేవాళ్ళకి చక్కగా కనపడేలా వేసేది. తోటి పనివాళ్ళు ఆమెకి నిచ్చెనమ్మ అని పేరు పెట్టారు. తర్వాత ఫ్లెక్సీలు వచ్చిపడ్డాయి, నిచ్చెనమ్మ నిచ్చెన దిగింది. పని పోయి, మొహం వేలాడేసుకుని ఇంట్లో కూర్చుంటే ఓదార్చడానికి వచ్చినవాళ్ళకి లోటు లేదు. అత్తగారు మాత్రం ఒక్క ఓదార్పు మాట అనలేదు. వీధిగదిలోంచి తన మంచం, పెట్టె, కుర్చీ వెనకగదిలోకి మార్పించుకుని, "ఈ గదికి వెలుతురు బాగా వస్తుంది. నాకెందుకది? నువ్వు బొమ్మలు వేసుకో," అంది. అంతే. అది మరిచిపోయే కోడలు కాదు.

అత్తగారి డెబ్బయ్యో పుట్టినరోజు దగ్గరికొస్తోంది. ఆలోగా ఇంటిల్లిపాదీ ఉన్న పెద్ద బొమ్మ ఒకటి వేసి ఆవిడ ఎదురుగా పెట్టాలి. గోడంత బొమ్మ. ఎంత పెద్దదంటే, చూపు అంచుల్లోంచి కూడా తప్పించుకోలేనంత పెద్దది. చూపు మొత్తం పోయేలోపు ఆవిడ తన మనుషుల మొహాలు ఒక్కసారి కళ్ళారా చూసుకోవాలి. నిచ్చెనమ్మకి ఇన్నాళ్ళూ చేసిన పని ఇందుకోసమేనేమో అనిపించింది.

"మీరందరూ కలిసి తీయించుకున్న ఫోటో ఒక్కటే ఉందట కదా వదినా," అంది చిన్నకోడలు ఆడపడుచు దగ్గర. 

అవును గానీ, ఆడపడుచు గురించి ఒక మాట చెప్పాలి. ముగ్గురు పిల్లల్లో ఆమె నడిమిది, పెత్తనంలో మాత్రం అందరికన్నా పెద్దది. ఆ ఇంట్లో కుక్కర్ కూడా ఆమె ఊరెళ్ళినప్పుడే స్వేచ్ఛగా ఈల వేసేది.

"అమ్మ పెట్టెలో ఉంటుంది. నేను తీసిస్తాగా. ఆవిడకి తెలియకూడదు సుమా," అంది ఆడపడుచు. అత్తగారు డాక్టరు దగ్గరికి వెళ్ళిన పూట ఇద్దరూ కలిసి పెట్టె తెరిచారు. అడుగున మామగారి నల్లకోటు ఉంది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, కోటు మడత కూడా మారలేదు. ఆ కోటు కింద, మొహం కిందికి పెట్టి, అరచేతిలో పట్టేంత ఫోటో.

స్టూడియోలో తీసిన ఫోటో అది. వెనక పసుపుపచ్చ తెర అని ఆడపడుచు చెప్పింది, ఫోటోలో అన్నీ బూడిదరంగే. కుర్చీలో మామగారు, చెవులు డొప్పల్లా. ఆయన మోకాలికి ఆనుకుని పెద్దకొడుకు, ఏడవడానికి సిద్ధంగా. మధ్యలో ఆడపడుచు, అప్పటికే నడుం మీద చేతులు. పక్క కుర్చీలో అత్తగారు, కుడిచేత్తో ఒళ్ళో పసివాణ్ణి పట్టుకుని. ఆ పసివాడే చిన్నకోడలి మొగుడు. అత్తగారి ఎడమచెయ్యి దేన్నో చుట్టుకున్నట్టు కొంచెం ఎడంగా వంగి ఉంది. ఆ వంపులో ఒక పిల్ల నిలబడి ఉంది. అయిదేళ్ళుంటాయేమో. జడకి తెల్ల రిబ్బను.

"ఈ పిల్లెవరు?"

"పక్కింటి పిల్లట. చిన్నప్పుడు నేనూ అడిగాను. పక్కింటి పిల్లే, మనతో వచ్చేసింది అంది అమ్మ," అని ఆడపడుచు పెట్టె మూసేసింది.

ఫోటోని పెద్దది చేయించి, దాని మీద గళ్ళు గీసి, కాన్వాసు మీద కూడా పెద్దపెద్ద గళ్ళు గీసుకుని చిన్నకోడలు పని మొదలుపెట్టింది. ఇంట్లోనే ఉన్న మనిషికి తెలియకుండా గోడంత బొమ్మ వెయ్యడమేమిటని ఎవరైనా నవ్వుతారు. చూపు సరిగ్గా లేని మనిషి దగ్గర దాచడం ఎంతసేపు అని వీళ్ళందరి ధీమా. చూపు తగ్గినకొద్దీ ముక్కూ చెవీ ఎంత పనిచేస్తాయో ఆ ఇంట్లో తెలివిగలవాళ్ళకి ఎవరికీ తెలియదు.

"ఏదో పెద్ద బొమ్మే వేస్తున్నట్టున్నావు. ఇల్లంతా టర్పెంటైన్ వాసన," అంది అత్తగారు గుమ్మంలో నిలబడి.

"ఎవరిదో కుటుంబం అత్తయ్యా. ఆర్డరు."

"ఎంతమంది?"

"అయిదు... ఆరుగురు."

"అయిదుగురా, ఆరుగురా?" అని అత్తగారు కోడలి భుజం పక్కకి చూస్తూ అడిగింది.

"ఆరుగురు," అంది చిన్నకోడలు. అత్తగారు ఇంకేం అడగకుండా గోడ తడుముకుంటూ వెళ్ళిపోయింది.

హోర్డింగు వాళ్ళ పద్ధతి ఒకటుంది. ముందు మొహాలు. మొహం కుదిరితే మిగతాదంతా దాని వెనకే వస్తుంది. మొహానికి రంగు పల్చగా పూస్తే దూరానికి తేలిపోతుంది, అందుకని మందంగా వెయ్యాలి. ముక్కు దగ్గర, చెంప దగ్గర, గడ్డం దగ్గర రంగు గట్టుకట్టాలి. అత్తగారి చూపుకి ఆ పద్ధతే సరిపోతుందని చిన్నకోడలు రోడ్డు పక్కన ఎలా వేసేదో అలాగే వేసింది. అన్నిటికన్నా ముందు ఆ పిల్ల మొహమే వేసింది. కారణం పెద్దదేం లేదు, ఆ గళ్ళు అంచున ఉండి చేతికి అందుబాటులో ఉన్నాయి, అంతే.

వేస్తున్నకొద్దీ ఆ పిల్ల దగ్గర ఏదో తేడా కొడుతోంది. అందరి మొహాల మీదా వెలుగు కుడినుంచి పడితే ఆ పిల్ల మొహం మీద ఎడమనుంచి పడుతోంది. అందరి కాళ్ళ కిందా నీడ ఉంది, ఆ పిల్ల చెప్పుల కింద లేదు. చెప్పులు నేలకి ఆనాయా లేదా అన్నది ఎంత చూసినా తేలలేదు. అన్నిటికన్నా ఆ చూపు. అందరూ కెమెరాకేసి గుడ్లప్పగించి చూస్తుంటే ఆ పిల్ల ఒక్కతే పక్కకి చూస్తోంది. అక్కడ ఎవరో తెలిసినవాళ్ళు నిలబడి ఉన్నట్టు, నవ్వాలా వద్దా అని వాళ్ళనే అడుగుతున్నట్టు ఉంది ఆ చూపు. కాన్వాసుని గోడకి ఆనించి కాస్త దూరం జరిగి చూస్తే, ఆ పిల్ల చూపు తిన్నగా తలుపు పక్క మూలకి వెళ్ళి ఆగుతోంది. ఆ మూలలో ఉన్నది నిచ్చెనమ్మ పాత నిచ్చెన ఒక్కటే. అయినా పనిచేస్తూ పనిచేస్తూ ఆమె అటు తిరిగి చూసేది. మళ్ళీ తనని తనే తిట్టుకునేది. ఎత్తు మీద గాలికి ఊగుతూ పనిచేసిన మనిషి, అయిదేళ్ళ పిల్ల బొమ్మకి జడుసుకోవడమేమిటి!

మొహాలన్నీ పూర్తయ్యాక ఆడపడుచు తనిఖీకి వచ్చింది. తన మొహం చూసుకుని మురిసిపోయింది, అన్న మొహం చూసి పడీపడీ నవ్వింది. తర్వాత తల్లి పక్కనున్న పిల్లని చూసి మొహం చిట్లించింది.

"దీన్నెందుకు వేశావు మరదలా? తీసెయ్."

"ఫోటోలో ఉంది కదా వదినా."

"ఫోటోలో గోడ మీద బల్లి ఉంటే బల్లిని కూడా వేస్తావా? అమ్మకి చూపు మిగిలిందే కాస్తంత. ఆ కాస్త చూపు కూడా ఊళ్ళోవాళ్ళ పిల్లల మీద ఖర్చు పెట్టాలా? మా అమ్మ, మా నాన్న, మేం ముగ్గురం. అంతే."

బావగారిని ఫోన్లో అడిగితే చెల్లెలు ఎలా అంటే అలాగే అన్నాడు. ఆ ఇంట్లో అదే రాజమార్గం. మొగుడు నీళ్ళు నమిలాడు. "అక్క చెప్పింది కూడా సబబేగా," అన్నాడు చివరికి. ఆ మాటలో నిజం లేకపోలేదని చిన్నకోడలికీ అనిపించింది. అయినా మనసు ఒప్పుకోలేదు.

మర్నాడు అత్తగారికి టీ ఇచ్చి పక్కన కూర్చుంది. అత్తగారికో అలవాటుంది. మంచం మీద కూర్చున్నా, పార్కులో బెంచీ మీద కూర్చున్నా, ఎడమచేతి పక్కన మూరెడు చోటు వదిలి కూర్చుంటుంది. తెలియక ఎవరైనా అక్కడ కూర్చుంటే ఏమీ అనదు, తనే లేచి వెళ్ళి ఇంకోచోట, మళ్ళీ ఎడమపక్క ఖాళీ ఉంచుకుని కూర్చుంటుంది. ముసలివాళ్ళ చాదస్తం అని ఇంట్లోవాళ్ళు పట్టించుకోవడం మానేశారు. చిన్నకోడలు ఎప్పట్లాగే కుడిపక్కన కూర్చుంది.

"అత్తయ్యా, మీరు ముందున్న ఇంటి పక్కన ఎవరుండేవాళ్ళు? చిన్నపిల్లలు ఎవరైనా ఉండేవాళ్ళా?"

"ఏ ఇల్లు?"

"వీళ్ళు చిన్నప్పుడున్న ఇల్లు."

"అక్కడ పక్కన ఇళ్ళెక్కడివి! ఒకపక్క సిమెంటు గోడౌను, ఒకపక్క రోడ్డు. పిల్లలు ఆడుకోవడానికి తోడు లేక ఒకళ్ళనొకళ్ళు రక్కుకుని చచ్చేవాళ్ళు," అని నవ్వింది అత్తగారు. నవ్వు మధ్యలో ఆగింది. "ఎందుకడిగావు?"

"ఊరికే," అంది చిన్నకోడలు. అడిగెయ్యాలనిపించింది. ఫోటో తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి, ఎవరత్తయ్యా ఈ పిల్ల అని అడిగేస్తే పోయేది. అడిగితే బొమ్మ సంగతి బయటపడుతుంది. ఇన్నాళ్ళ కష్టం, ఆవిడ కళ్ళల్లో చూడాలనుకున్న ఆ ఆశ్చర్యం, అంతా మట్టిపాలవుతుంది. ఆ లోభమే ఆమె నోరు నొక్కేసింది.

పక్కింట్లో పిల్ల లేదు. పక్కిల్లే లేదు. వీధిగదిలోకి వెళ్ళి భూతద్దం పెట్టి అసలు ఫోటోని చూసింది. ఇన్నాళ్ళూ గళ్ళల్లో తల దూర్చి చూడని సంగతి అప్పుడు కనపడింది. పిల్ల చుట్టూ సన్నటి గీత ఉంది. జడ చివర కత్తెర కొంచెం తప్పింది. ఇంకో ఫోటోలోంచి కత్తిరించి తెచ్చి, ఇక్కడ అతికించి, మళ్ళీ ఫోటో తీశారు. అత్తగారు ఆ రోజు స్టూడియోలో ఎడమచెయ్యి చాచి పట్టుకున్నది ఎవరినీ కాదు. అక్కడ పిల్ల లేదు. ఖాళీ గాలి చుట్టూ చెయ్యి వేసి, కదలకుండా కూర్చుంది.

"అతికించారండీ. ఎవరో కావాలని పెట్టించారు," అంది మొగుడితో.

"ఆ స్టూడియో వాడి పైత్యం అయ్యుంటుంది. పుట్టినరోజు ముంచుకొస్తుంటే ఇప్పుడు ఈ ఆరా ఎందుకు? అక్కకి మాటిచ్చాం," అన్నాడతను. అని, ఆ ఫోటోని మళ్ళీ ఒకసారి చూసి, చప్పున పక్కన పెట్టేశాడు. అతనికీ ఏదో అనిపించింది. అనిపించింది గనకే మాట దాటేశాడు.

ఇక్కడ చిన్నకోడలి తప్పు చెప్పకుండా దాటెయ్యకూడదు. తెలియక చేసిందంటే అది అబద్ధం. ఏదో ఉందని తెలిసింది, తెలిసే బ్రష్షు పట్టుకుంది. పద్ధతి ప్రకారం అయితే కత్తి పెట్టి పాత రంగుని గీకేసి, చదును చేసి, దాని మీద కొత్త రంగు వెయ్యాలి. కత్తి తీసి చేతిలో పట్టుకుంది కూడా. ఆ చెంప మీదికి కత్తి పోనివ్వడానికి చెయ్యి రాలేదు. గీకకుండా, ఎండిపోయిన మొహం మీద అలాగే పసుపుపచ్చ తెర వేసేసింది. మడతలు మడతలుగా, నేలదాకా. అత్తగారి ఎడమచెయ్యిని ఖాళీలో వదిలెయ్యలేక, దగ్గరికి తెచ్చి, ఒళ్ళో పిల్లాడి పాదాల మీద పెట్టింది.

పొద్దున్నే కిటికీ తెరిస్తే పల్చటి పసుపులోంచి రిబ్బను తెల్లగా పైకి తేలింది. ఇంకో పూత వేసింది. అది ఆరాక రిబ్బను పోయింది. కానీ ఎండ ఏటవాలుగా పడే వేళకి తెర మీద మొహం లేచింది. రంగులో కాదు, మిట్టపల్లాల్లో. నుదురు, ముక్కు, చెంపలు, గడ్డం. దుప్పటి ముసుగు పెట్టుకుని ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడినట్టు ఉంది. ఎండ పైకి వచ్చాక ఏమీ లేదు, ఉత్త తెర. మళ్ళీ మర్నాడు పొద్దున్న అదే వరస. చిన్నకోడలు తెరకి మడతలు పెంచింది, మడతలకి నీడలు పెంచింది. ఎన్ని మడతలేసినా ఆ మొహం వాటి మధ్యే తనకి చోటు చూసుకుంది. చివరికి పొద్దున్నపూట ఆ గదిలోకి వెళ్ళడం మానేసింది. అత్తగారికి రంగులే సరిగ్గా తెలియడం లేదు, ఈ మిట్టపల్లాలు ఏం కనపడతాయిలే అని సర్దిచెప్పుకుంది. అందులో మాత్రం ఆమె అనుకున్నది నిజమే. కనపడవు.

పుట్టినరోజు మధ్యాహ్నం ముగ్గురు పిల్లలూ చేరారు. అత్తగారిని చెయ్యి పట్టుకుని వీధిగదిలోకి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. చిన్నకొడుకు తన పెద్ద బల్బులన్నీ వెలిగించాడు. కూతురు బొమ్మ మీది దుప్పటి లాగేసింది.

అత్తగారు బొమ్మకేసి చూడలేదు. డాక్టరు చెప్పినట్టు కిటికీకేసి తిరిగింది. చాలాసేపు అలాగే ఉంది.

"ఆ చెవులు మీ నాన్నవి," అంది.

గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు.

"పక్కన ఏడుపు మొహంగాడు పెద్దోడు. ఇదిగో మా పెత్తందారు. ఫోటో తీసే ఆయనకి కూడా ఎలా తియ్యాలో ఇదే చెప్పింది." కూతురు నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. "చిన్నోడు నా ఒళ్ళో. ఆ రోజు ఒళ్ళంతా తడిపేశాడు, ఫోటోలో తెలియదు." "అమ్మాయ్, ఎంత పెద్దగా వేశావే! అందరూ కనపడుతున్నారు."

చిన్నకోడలికి కడుపు నిండిపోయింది. ఆ ఒక్క క్షణం అన్నీ మరిచిపోయింది.

అత్తగారు లేచింది. చేతులు ముందుకి చాచి, బొమ్మ దగ్గరికి నడిచి, తన మొహం ఉన్నచోట ఆగింది. బొమ్మలో తన ఎడమచేతి పక్కన ఉన్న చోటుకి ఆవిడ చెయ్యి మెల్లిగా వెళ్ళింది. పసుపుపచ్చ తెర మీద ఆనింది.

"అమ్మా, ముట్టుకోకు, రంగు పచ్చిగా ఉంటుంది," అంది కూతురు.

అత్తగారు వినలేదు. వేళ్ళు తెర మీద ఒకచోట ఆగి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళాయి. నుదురు. ముక్కు. చెంప చుట్టూ తిరిగి గడ్డం కిందకి. స్నానం చేయించాక మొహం తుడిచినట్టు, అంత అలవాటుగా.

"ఎందుకమ్మాయ్ కప్పేశావు?" అంది. కోపం లేదు ఆ గొంతులో. "దానికి చీకటంటే భయం."

పెద్దకొడుకు తల్లి దగ్గరికి వచ్చాడు.

"ఎవరికమ్మా?" అన్నాడు పెద్దకొడుకు.

"మీ అక్కకి."

"మా అక్కేమిటి? పక్కింటి పిల్ల అన్నావు కదా!" అంది కూతురు. "ఆడపిల్లని నేనొక్కదాన్నే కదా?"

"నువ్వు రెండోదానివి," అంది అత్తగారు. చెయ్యి ఇంకా తెర మీదే ఉంది. "పెద్దోడు పాలు తాగే పిల్లాడుగా ఉన్నప్పుడు దానికి జ్వరం వచ్చింది. తగ్గలేదు. మీ నాన్న దాని బట్టలు, బొమ్మలు అన్నీ ఎవరికో ఇచ్చేశారు. ఈ ఇంట్లో దాని పేరెత్తితే నేను బతకను అన్నారు. ఆయన అన్నంత పనీ చేసేలా ఉన్నారు. నేను ఎత్తలేదు. మీరిద్దరూ కూడా పుట్టాక, ఫోటో తీయించుకుందాం అన్నప్పుడు స్టూడియో ఆయన్ని అడిగాను. దాని ఫోటో ఒకటి నా దగ్గర మిగిలింది, పక్కన పెట్టగలరా అని. చోటు వదిలి కూర్చోండమ్మా, నేను నిలబెడతాను అన్నాడు. వదిలి కూర్చున్నాను."

"నాన్న చూశారా?" అన్నాడు చిన్నకొడుకు.

"చూశారు. ఒక్క మాట అనలేదు. తీసుకెళ్ళి పెట్టెలో పెట్టి, పైన తన కోటు కప్పారు. మీరు అడిగితే పక్కింటి పిల్ల అన్నాను. నేనూ కప్పాను. దాన్ని అందరూ కప్పినవాళ్ళే."

ఆ మాట చిన్నకోడలికి తగలాల్సినచోట తగిలింది. ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూనే టర్పెంటైన్ సీసా, గుడ్డ అందుకుంది. పై పూతలు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. "అత్తయ్యా, కొంచెం జరగండి," అని తెర మీద గుడ్డ పెట్టింది. పసుపు కరిగి చేతుల మీదుగా కారింది. మొదట రిబ్బను వచ్చింది. తర్వాత నుదురు. తర్వాత ఒక కన్ను, దాని పక్కన ఇంకో కన్ను. గట్టిగా రుద్దితే అడుగున ఉన్న మొహం కూడా పోతుంది, మెల్లిగా రుద్దితే తెర వదలదు. ఆడపడుచు ఇంకో గుడ్డ తీసుకుని వచ్చి, మరదలి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఆ పిల్ల చెప్పుల మీది పసుపు తుడవడం మొదలుపెట్టింది. పెత్తనం మాట ఒక్కటి కూడా రాలేదు ఆ నోట్లోంచి.

మొహం వచ్చింది. పాతదిలా లేదు. చెంపల మీద పసుపు మరక ఉండిపోయింది, నోరు కొంచెం చెరిగింది. కళ్ళు మాత్రం చెక్కుచెదరలేదు.

"కనపడుతోందా అత్తయ్యా?"

అత్తగారు కిటికీకేసి తిరిగి చూసింది. తలుపుకేసి తిరిగి చూసింది. తల అడ్డంగా ఊపింది.

"అది ఎటు చూస్తోంది?" అని అడిగింది.

చిన్నకోడలికి ఒక్క క్షణం అర్థం కాలేదు. "అటు, ఆ తలుపు పక్క మూలకి."

"దాని ఒక్కదాని ఫోటో తీయించిన రోజు అది ఒకటే కదిలిపోతుంటే, నేను వెళ్ళి ఫోటోగ్రాఫరు పక్కన నిలబడ్డాను. అక్కడుంటేనే అది కదలకుండా నిలబడింది," అంది అత్తగారు. గోడ తడుముకుంటూ మూలకి నడిచింది. ఆవిడ వస్తున్నది చూసి చిన్నకొడుకు గబగబా నిచ్చెన తీసి పక్కన పెట్టాడు.

ఆ మూలలో నిలబడి, అత్తగారు బొమ్మని చూడకుండా మొహం ఓ పక్కకి తిప్పుకుంది. ఇన్నాళ్ళూ ఎవరూ లేని మూలని చూస్తున్న కళ్ళు ఇప్పుడు ఆవిణ్ణి చూస్తున్నాయి. ఆవిడ పెదవులు కదిలాయి. నవ్వో ఏడుపో తెలియలేదు.

"ఆఁ, కనపడుతున్నావు," అంది. "కదలకు. అమ్మ ఇక్కడే ఉంది."

బయట ఎండ తగ్గుతోంది. ఆ వెలుగు భరించలేక ఎవరో బల్బు ఆర్పబోతే చిన్నకోడలు వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. అత్తగారి కోసం కుర్చీ తెచ్చి ఆ మూలలో వేసింది, ఎడమచేతి పక్కన చోటు వదిలి.